ఒకే తెలుగు అర్థం, రెండు ఇంగ్లిష్ మాటలు: తేడాను పట్టుకోవడం ఎలా?

ఇంగ్లిష్ నేర్చుకునేటప్పుడు మనలో చాలామంది నిఘంటువు తెరిచి, ఇంగ్లిష్ మాటకు ఎదురుగా ఉన్న తెలుగు అర్థాన్ని నోట్సులో ఎక్కించుకుంటూ పోతాం. మొదటి కొన్ని వందల మాటల వరకు ఈ పద్ధతి బాగానే సాగుతుంది. ఆ తర్వాత చిక్కు మొదలవుతుంది. 'డౌట్' ఎదుట అనుమానం అని ఉంటుంది, 'సస్పెక్ట్' ఎదుట కూడా అదే ఉంటుంది. 'డినై' ఎదుట నిరాకరించు అని ఉంటుంది, 'రెఫ్యూజ్' ఎదుట కూడా అదే ఉంటుంది. అర్థం ఒకటే కాబట్టి ఏది వాడినా పరవాలేదనుకుంటాం. వాక్యంలో వ్యాకరణ దోషం ఉండదు కాబట్టి దిద్దేవారు కూడా దొరకరు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఇలాంటి వాక్యం ఒకటి రాశాను. పై అధికారికి పంపవలసిన లెక్కల్లో ఒక మొత్తం తప్పుగా పడిందేమోనని నాకు అనుమానం వచ్చింది. ఆ సంగతి తెలియజేస్తూ 'ఐ డౌట్ దట్ ద టోటల్ ఈజ్ రాంగ్' అని రాశాను. 'మొత్తం తప్పని నా అనుమానం' అన్నదానికి అది అక్షరాలా అనువాదమని నా నమ్మకం. ఆయన మాత్రం ఆ వాక్యాన్ని 'మొత్తం తప్పై ఉంటుందని నేను అనుకోవడం లేదు' అని చదువుకుని, నిశ్చింతగా సంతకం పెట్టి పంపేశారు. ఇంగ్లిష్ ప్రకారం ఆయన చదివిందే సరైన అర్థం. నేను రాయవలసింది 'ఐ సస్పెక్ట్'.

ఈ జంటను కొంచెం దగ్గరగా చూద్దాం. 'డౌట్' అంటే ఒక విషయం మీద నమ్మకం కుదరకపోవడం. మనసు కాదనే వైపుకు మొగ్గుతుంది. 'సస్పెక్ట్' అంటే ఆధారం పూర్తిగా లేకపోయినా అలాగే అయి ఉంటుందని అనిపించడం. మనసు అవుననే వైపుకు మొగ్గుతుంది. తెలుగులో రెండింటికీ అనుమానమే. అయితే మన వాక్యాలను పరికించి చూస్తే తేడా అక్కడే కనిపిస్తుంది. 'ఆయన వస్తాడా అన్నది అనుమానమే' అంటాం, 'ఆయనే తీశాడని నా అనుమానం' అంటాం. మొదటి వాక్యంలో అనుమానానికి ముందు ప్రశ్న ఉంది, రెండో దానిలో 'అని' ఉంది. ప్రశ్న ఉన్నచోట 'డౌట్', 'అని' ఉన్నచోట 'సస్పెక్ట్' పెట్టి చూడండి; చాలావరకు సరిపోతుంది. మనుషుల విషయంలోనూ ఇదే తేడా ఉంది. ఒకరి మాటను 'డౌట్' చేస్తే ఆ మాటను నమ్మడం లేదని అర్థం, ఒక మనిషిని 'సస్పెక్ట్' చేస్తే అతను ఏదో తప్పు చేశాడని అనుకుంటున్నామని అర్థం. పాఠం వింటూ సందేహం అడగడానికి 'ఐ హావ్ ఎ డౌట్' అనడం మనకు అలవాటైపోయింది గాని, ఆ అలవాటు లేని ప్రాంతాలవారికి అది చెప్పినదాన్ని నమ్మడం లేదన్నట్టుగా వినిపిస్తుంది. అలాంటి చోట 'క్వశ్చన్' అనడం క్షేమం.

నేను అనుసరించే పద్ధతి అంతా ఈ ఉదాహరణలోనే ఉంది. తేడా తెలుగు మాటలో దొరకదు, తెలుగు వాక్యంలో దొరుకుతుంది. కనుక మాటకు మాట వెతకకుండా, మొదట చెప్పదలచుకున్న సంగతిని తెలుగులో పూర్తి వాక్యంగా రాసుకుని, ఆ మాట చుట్టూ ఏమున్నదో గమనించాలి.

ముందు తెలుగు వాక్యం రాయాలి

'డినై', 'రెఫ్యూజ్' జంటను తీసుకుంటే, పత్రికల తెలుగులో రెండూ 'నిరాకరించారు' అయిపోతాయి. ఆ తత్సమాన్ని పక్కన పెట్టి, ఆ మనిషి నోటి వెంట ఏ మాట వచ్చి ఉంటుందో ఊహించండి. 'లేదు', 'కాదు', 'నేను చేయలేదు' అని ఉంటే అది 'డినై'. 'చేయను', 'ఇవ్వను', 'రాను' అని ఉంటే అది 'రెఫ్యూజ్'. మొదటిది జరిగినదాని గురించి, రెండోది జరగబోయేదాని గురించి. అందుకే 'హి డినైడ్ టు కమ్' అన్న వాక్యం ఇంగ్లిష్‌లో నిలవదు. ఒకరికి దక్కవలసినదాన్ని దక్కనివ్వకపోవడం అనే ఇంకో అర్థంలో మాత్రం 'డినై' మరోలా వస్తుంది. లోపలికి రానివ్వకపోతే 'డినైడ్ ఎంట్రీ' అంటారు.

'సే', 'టెల్' విషయంలో మనం అదృష్టవంతులం. తెలుగులో 'అను', 'చెప్పు' అనే రెండు క్రియలు దాదాపు ఇదే పని చేస్తున్నాయి. 'రానన్నాడు' అంటే చాలు, ఎవరితో అన్నాడో చెప్పనక్కరలేదు. 'సే' కూడా అంతే. 'నాకు చెప్పాడు' అన్నప్పుడు వినే మనిషి వాక్యంలోకి వచ్చాడు. 'టెల్' ఆ మనిషిని కోరుతుంది. కనుక 'హి సెడ్ దట్', 'హి టోల్డ్ మీ దట్' రెండూ సరైనవే గాని, 'హి సెడ్ మీ' అనకూడదు. నిజం, అబద్ధం, కథ, సమయం వంటి కొన్నింటిని మాత్రం వినేవారు లేకపోయినా 'టెల్' అనే అంటారు, ఇవి గుర్తుపెట్టుకోవలసినవే.

చూపు, వినికిడి విషయంలో ఇంకా చక్కటి ఆనవాలు ఉంది. 'నాకు వినపడింది', 'నాకు కనపడింది' అన్నప్పుడు మన ప్రయత్నం లేదు; శబ్దమో రూపమో తానుగా వచ్చి తగిలింది. 'నేను విన్నాను', 'నేను చూశాను' అన్నప్పుడు మన ప్రయత్నం ఉండవచ్చు. మొదటి జాతి 'హియర్', 'సీ'. రెండోది 'లిజన్', 'లుక్'. కదులుతున్నదాన్నో, మారుతున్నదాన్నో కొంతసేపు వెంబడించి చూస్తే 'వాచ్'. అయితే 'దారిలో ఆయన్ని చూశాను' అన్నప్పుడు కర్త 'నేను' అయినా అది 'సీ'నే. దీనికి పరీక్ష ఏమిటంటే, ఆ వాక్యాన్ని 'దారిలో ఆయన నాకు కనపడ్డాడు' అని మార్చి చూడాలి. అర్థం చెడకపోతే 'సీ', చెడితే 'లుక్' లేదా 'వాచ్'. ఇదే 'నాకు' మరికొన్ని చోట్ల కూడా దారి చూపిస్తుంది. 'నాకు తెలుసు' అంటే 'నో', 'తెలుసుకున్నాను' అంటే 'ఫైండ్ అవుట్'. 'నాకు గుర్తుంది' అంటే 'రిమెంబర్', 'నాకు గుర్తుచేశాడు' అంటే 'రిమైండ్'. 'ప్లీజ్ రిమెంబర్ మీ టు కాల్' అని రాసేవారు ఈ గుర్తుండటాన్ని, గుర్తుచేయడాన్ని కలిపేస్తున్నారు. తెలుగులో మాట్లాడేటప్పుడు మాత్రం వాళ్లెవరూ ఆ పొరపాటు చేయరు!

పక్కన ఏ మాట ఉందో చూడాలి

కొన్ని జంటల్లో పని ఒకటే, ఆ పని ఎవరి మీద పడుతున్నది అన్నదే తేడా. 'స్టీల్' అన్న క్రియ తర్వాత పోయిన వస్తువు వస్తుంది. 'రాబ్' తర్వాత పోగొట్టుకున్న మనిషో చోటో వస్తుంది. డబ్బును 'స్టీల్' చేస్తారు, బ్యాంకును 'రాబ్' చేస్తారు. 'దే స్టోల్ ద బ్యాంక్' అంటే బ్యాంకు భవనాన్నే పెకలించి ఎత్తుకుపోయారన్నంత విడ్డూరంగా ఉంటుంది. మన 'దోచుకొను' రెండు పక్కలా ఒదిగిపోతుంది కాబట్టి, 'ఇల్లు దోచుకున్నారు', 'నగలు దోచుకున్నారు' అని రెండూ అంటాం. తెలుగు సాయం చేయని చోట్లలో ఇదొకటి.

అప్పు సంగతి వేరు. 'బారో', 'లెండ్' రెండింటి ఎదుట అప్పు అని రాసుకుంటే ఎన్నేళ్లయినా తడబాటు పోదు. అప్పు తీసుకోవడం, అప్పు ఇవ్వడం అని క్రియతో సహా రాసుకుంటే ఒక్క రోజులో పోతుంది. నామవాచకాన్ని ఒంటరిగా రాసుకోవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

'షేడ్', 'షాడో' రెండూ నీడే. ఎండ తగలని చోటు 'షేడ్'. వెలుతురుకు అడ్డం వచ్చినదాని ఆకారం నేల మీదో గోడ మీదో పడితే అది 'షాడో'. చెట్టు కింద రెండూ ఉంటాయి, మనం కూర్చునేది 'షేడ్'లో. ఇక్కడ కూడా మనకొక మాట ఉంది, వాడుక తగ్గింది గాని: నీడపట్టు. నీడపట్టు అనగలిగిన చోట 'షేడ్', అనలేని చోట 'షాడో'. లెక్కలోనూ తేడా ఉంది. ఆకారాలను ఒకటి, రెండు అని లెక్కపెట్టగలం కాబట్టి 'షాడోస్' అంటారు. ఎండ లేని చోటు అనే అర్థంలో 'షేడ్'ను సాధారణంగా అలా లెక్కపెట్టరు.

కొన్ని మాటలు ఫలానా మాట పక్కనే ఎందుకు ఉంటాయో కారణం చెప్పలేం. టీ 'స్ట్రాంగ్'గా ఉంటుంది, ఇంజిన్ 'పవర్‌ఫుల్'గా ఉంటుంది. తారుమారు చేస్తే అర్థమవుతుంది గాని చెవికి ఇంపుగా ఉండదు. ఇందులో వింత ఏమీ లేదు. పాలు చిక్కగా ఉంటాయి, అడవి దట్టంగా ఉంటుంది, జుట్టు ఒత్తుగా ఉంటుంది, నిద్ర గాఢంగా ఉంటుంది. తెలుగు నేర్చుకునే పరదేశి 'దట్టమైన పాలు' అంటే మనం నవ్వి దిద్దుతాం తప్ప సూత్రం చెప్పలేం. ఒక మాటను దాని సహవాసాన్ని బట్టి తెలుసుకోవాలని బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ 1957లో రాసినది ఇటువంటి వాటికి నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది.

పని జరిగిందా, ఫలితం కూడా వచ్చిందా?

ఈ ప్రశ్న వేసుకునేవారు తక్కువ గాని, దీనితో తేలిపోయే జంటలు చాలా ఉన్నాయి. 'ట్రీట్' అంటే చికిత్స చేయడం. రోగి కోలుకున్నాడో లేదో అందులో లేదు. 'క్యూర్' అంటే నయం చేయడం, జబ్బు పోయింది. 'హీల్' అన్నది ముఖ్యంగా గాయం మానడం, ఎముక అతుక్కోవడం వంటివాటికి వాడతారు, గాయమే దానికి కర్త కావచ్చు. చికిత్స, నయం, మానడం అని మనకు మూడు మాటలు ఉండగా, మూడింటినీ 'బాగుచేయు' అని రాసుకోవడం మన చేతులారా తెచ్చుకునే ఇబ్బంది. 'సెర్చ్', 'ఫైండ్' కూడా ఇంతే. వెతకడం వేరు, దొరకడం వేరు.

ఈ వరుసలో నన్ను ఎక్కువకాలం మోసం చేసిన మాట 'పర్సుయేడ్'. దాన్ని నచ్చజెప్పడం అని రాసుకున్నాను. తెలుగులో 'ఎంత నచ్చజెప్పినా వినలేదు' అనవచ్చు, ఎందుకంటే నచ్చజెప్పడం ప్రయత్నం మాత్రమే. ఇంగ్లిష్‌లో ఒక మనిషిని ఏదైనా చేయమని 'పర్సుయేడ్' చేశామంటే అతను ఒప్పుకున్నట్టే లెక్క. కాబట్టి ఒప్పించడం 'పర్సుయేడ్' అవుతుంది, నచ్చజెప్పడం 'ట్రై టు పర్సుయేడ్' అవుతుంది. దీని పక్కనే నిలబడే 'కన్విన్స్' మొదటినుంచీ నమ్మకానికి సంబంధించినది; ఒక సంగతి నిజమని ఎదుటివారికి నమ్మకం కలిగించడం. ఇప్పుడు చాలామంది రెండింటినీ కలిపి వాడుతున్నారు గాని, రాతలో తేడా పాటిస్తే వాక్యం పదునుగా ఉంటుంది. 'నమ్మించాడు' అని రాసుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. ఆ మాటలో మోసం వాసన ఉంది, 'కన్విన్స్'లో అది లేదు.

మెప్పా, తెగడ్తా, మర్యాదా?

ఒకే గుణాన్ని మెచ్చుకుంటూ చెప్పే మాట ఒకటి, ఈసడిస్తూ చెప్పే మాట ఒకటి ఉంటాయి. బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ 1948లో బీబీసీ రేడియోలో దీన్ని ఉత్తమ, మధ్యమ, ప్రథమ పురుషల వరుసలో పెట్టి చమత్కరించారు: నేనైతే 'ఫర్మ్', మీరైతే 'ఆబ్‌స్టినేట్', అతనైతే 'పిగ్‌హెడెడ్' మూర్ఖుడు. తెలుగులో నాది పట్టుదల, మీది మొండితనం, వాడిది మూర్ఖత్వం అనుకోవచ్చు. పనివారిని మెచ్చుకుంటూ రాసే లేఖలో 'ఆబ్‌స్టినేట్' అని పడితే లేఖ మొత్తం తలకిందులవుతుంది. అలాగే 'చీప్' అన్న మాట మన చవకను, చౌకబారును రెండింటినీ మోస్తుంది. ధర తక్కువ అని మాత్రమే చెప్పాలంటే 'ఇన్ఎక్స్‌పెన్సివ్' అనాలి.

మర్యాద స్థాయి అనే తేడాకు మాత్రం చరిత్ర ఉంది. 1066లో నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండును జయించాక, పాలకుల భాషగా ఫ్రెంచి చాలాకాలం నిలిచింది; న్యాయస్థానాల్లో వాదనలు ఇంగ్లిష్‌లో జరగాలని చట్టం వచ్చింది 1362లో. చర్చి ద్వారా, చదువుల ద్వారా లాటిన్ మాటలు చేరాయి. అందువల్ల ఒకే పనికి ఇంట్లో పుట్టిన మాట, ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, లాటిన్ నుంచి వచ్చిన మాట పక్కపక్కన మిగిలాయి: 'ఆస్క్', 'క్వశ్చన్', 'ఇంటరాగేట్'. తెలుగువారికి ఇది కొత్త కాదు. నీళ్లు, జలం, ఇల్లు, గృహం, తినడం, భుజించడం అనే జంటలను ఎక్కడ ఏది వాడాలో మనకు ఎవరూ నేర్పలేదు. ఇంటికి వచ్చినవారిని 'జలం కావాలా' అని అడిగితే ఎలా ఉంటుందో, స్నేహితుడిని దారి 'ఇంటరాగేట్' చేశానంటే అంతకంటే వింతగా ఉంటుంది. 'బై' బదులు 'పర్చేజ్', 'బిగిన్' బదులు 'కమెన్స్', 'హెల్ప్' బదులు 'అసిస్ట్' రాస్తే ఇంగ్లిష్ మెరుగవుతుందనే భ్రమ మనలో బలంగా ఉంది. అర్థం మారదు, వాక్యం మాత్రం గంజి పెట్టిన బట్టలా బిరుసెక్కుతుంది.

రూపంలో దగ్గరగా ఉండి అర్థంలో దూరమైన జంటలకు ఈ పరీక్షలేవీ అక్కరలేదు, బట్టీ పట్టడమే మార్గం. 'హిస్టారిక్' అంటే చరిత్రలో నిలిచిపోయేది, 'హిస్టారికల్' అంటే చరిత్రకు సంబంధించినది. 'ఎకనామిక్' ఆర్థికమైనది, 'ఎకనామికల్' పొదుపైనది. 'సెన్సిబుల్' వివేకం గలది, 'సెన్సిటివ్' సున్నితమైనది. 'హార్డ్' పనిచేస్తే కష్టపడ్డట్టు, 'హార్డ్లీ' పనిచేస్తే దాదాపు ఏమీ చేయనట్టు.

నియమం ఎంత గట్టిది?

పుస్తకాల్లో కనిపించే ప్రతి తేడాకూ ఒకే బలం ఉండదు. లెక్కపెట్టగలవాటికి 'ఫ్యూయర్', లెక్కపెట్టలేనివాటికి 'లెస్' అన్న నియమం రాబర్ట్ బేకర్ అనే ఆయన 1770లో తన అభిరుచిగా చెప్పినది. అంతకు ముందు శతాబ్దాలపాటు 'లెస్' రెండు చోట్లా నడిచింది. ఇప్పటికీ దూరం, కాలం, డబ్బు విషయంలో అంకె ఉన్నా 'లెస్' అనే అంటారు. దరఖాస్తులోనో వ్యాసంలోనో నియమాన్ని పాటించండి, మాటల్లో ఎవరైనా తప్పితే దిద్దకండి. 'డిస్ఇంటరెస్టెడ్' కథ ఇంకా విచిత్రం. స్వప్రయోజనం లేని, నిష్పాక్షికమైన అనే అర్థానికే దాన్ని వాడాలని, ఆసక్తి లేకపోతే 'అన్ఇంటరెస్టెడ్' అనాలని నేడు చెబుతారు. పదిహేడో శతాబ్దంలో ఈ రెండు మాటలూ మొదలైనప్పుడు వాటి అర్థాలు సరిగ్గా ఎదురుబొదురుగా ఉండేవి. అయినా నేటి పాఠకుడి కోసం రాస్తున్నాం కాబట్టి నేటి తేడానే పాటించాలి.

ఎక్కడ వెతకాలి, ఎలా రాసుకోవాలి

పర్యాయపద కోశంతో మొదలుపెట్టవద్దు. పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు 1852లో ప్రచురించిన ప్రసిద్ధ కోశం మాటలను భావాలవారీగా గుంపులు కట్టింది తప్ప, ఒక్కో మాటకు తేడా వివరించలేదు. తెలిసిన మాట నాలుక చివర ఆగిపోయినప్పుడు అది పనికొస్తుంది, తెలియని మాటను ఎంచుకోవడానికి కాదు. మనకు కావలసినవి ఇంగ్లిష్‌ను రెండో భాషగా నేర్చుకునేవారి కోసం రాసిన నిఘంటువులు. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు సుమారు 2,000 తేలిక మాటలతోనే అర్థాలన్నీ చెప్పింది. 1987 నాటి కోబిల్డ్ నిఘంటువు అర్థాన్ని పూర్తి వాక్యంగా ఇచ్చింది, దానివల్ల ఆ క్రియ తర్వాత మనిషి రావాలో వస్తువు రావాలో వివరణలోనే తెలిసిపోతుంది.

ఇంకా తేలకపోతే భాషా భాండాగారాలు (కార్పస్‌లు), అంటే జనం నిజంగా రాసిన, మాట్లాడిన వాక్యాల పోగులు ఉన్నాయి. బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో దాదాపు 10 కోట్ల మాటల వాడుక ఉంది, 1990 నుంచి సేకరించిన అమెరికన్ ఇంగ్లిష్ కార్పస్ 100 కోట్ల మాటలు దాటింది. సందేహం ఉన్న మాటను అక్కడ వెతికి, దాని కుడి ఎడమల ఏయే మాటలు వస్తున్నాయో ఓ ఇరవై వాక్యాలు చదవండి. ఆ జంటలోని రెండో మాటకూ ఇరవై చదవండి. అంతకంటే ఎక్కువ చదివితే విసుగు వస్తుంది తప్ప కొత్త సంగతి తెలియదు.

నోట్సులో ఒక్కో జంటకు ఒక పేజీ కేటాయించి, అర్థాలకు బదులు వాక్యాలు రాసుకోవాలి. ప్రతి మాటకూ చదివినచోట దొరికిన వాక్యం ఒకటి, దాని సారాన్ని మన వాడుకలో చెప్పే తెలుగు వాక్యం ఒకటి, ఆ కింద మనం రాసి ఉండే తప్పు వాక్యం ఒకటి రాసి దాన్ని కొట్టేసి, కారణం ఒక్క ముక్కలో పెట్టాలి. నా పేజీలో 'ఐ డౌట్ దట్ ద టోటల్ ఈజ్ రాంగ్' ఇప్పటికీ కొట్టివేతతో ఉంది, పక్కన 'అని వచ్చింది, సస్పెక్ట్' అని రాసి ఉంది.

అన్ని జంటలకూ ఇంత శ్రమ దండగ. 'బిగిన్', 'స్టార్ట్' చాలాచోట్ల ఒకదాని బదులు ఒకటి వాడవచ్చు. ఇంజిన్‌ను మాత్రం 'స్టార్ట్' చేస్తారు గాని 'బిగిన్' చేయరు; ఆ ఒక్క వాక్యం రాసుకుని పేజీ తిప్పేయవచ్చు.